ముందుమాట గారూ, ముందే వచ్చిన పిల్లా

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. జీతం కాగితం మీద తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. అందరూ పిలిచేది ముందుమాట గారనే. పుస్తకం తెరవగానే అసలు కథకంటే ముందొచ్చి కూర్చుంటుందే, ఎవరు రమ్మన్నారో తెలియదు, ఎవరూ పెద్దగా పట్టించుకోరు, అయినా అక్కడినుంచి కదలదు. ఈయన వాటమూ అదే. ఎక్కడ ఏం జరగబోతున్నా, అది జరగకముందే అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు.

ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి. మంత్రసాని చెప్పులు విడిచి లోపలికి వచ్చేసరికి పుట్టడం, ఏడవడం, పాలు తాగడం అన్నీ పూర్తిచేసుకుని ఒక కునుకు కూడా తీశాడని వాళ్ళమ్మ చెప్పేది. వాళ్ళమ్మ అబద్ధాలాడే మనిషి కాదు, కొంచెం సాగదీస్తుందంతే. రైలెక్కాలంటే ఆయన ఎంత ముందు స్టేషనుకు చేరేవాడంటే, ఆలస్యంగా నడుస్తున్న నిన్నటి బండి దొరికేది. అలా ఒకసారి దిగవలసిన రోజుకంటే ముందురోజే దిగిపోయి, మర్నాడు తనను దింపుకోవడానికి వచ్చిన బావమరిదికి తానే స్టేషనులో ఎదురెళ్ళి "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడిగాడు.

సొంత పెళ్ళి సంగతి చెప్పనే అక్కర్లేదు. మండపానికి వెళ్ళేసరికి అందులో అంతకుముందు వాళ్ళ పెళ్ళి ఇంకా జరుగుతోంది. ఖాళీగా కూర్చోవడం దేనికని వాళ్ళకు కుర్చీలు సర్దాడు, వడ్డనలో చెయ్యి వేశాడు, ఫోటోకు పిలిస్తే కాదనలేక నిలబడ్డాడు. ఆ ఫోటోలో పెళ్ళికూతురికి అటూ ఇటూ ఇద్దరు పెళ్ళికొడుకులు ఎందుకున్నారో తెలియక ఆ ఇంటి పిల్లలు ఇప్పటికీ తగువులాడుకుంటూ ఉంటారు. నమ్మకపోతే ఆయనకు పోయేదేం లేదు, ఫోటో ఉంది.

కుర్రతనంలో ఆయన పని టీవీ యాంటెనాలు బిగించడం. మేడమీద నిలబడి గొట్టాన్ని తిప్పుతూ "వచ్చిందా?" అని కేకవేసేవాడు. కిందనుంచి ఇంటివాళ్ళు "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని కేకవేసేవాళ్ళు. ఆ కేకలతోనే గొంతు రాటుదేలింది. ఆయన మేడమీద అరిస్తే పక్కవీధిలో టీవీలు కూడా బాగుపడేవని ప్రతీతి.

తరవాత యాంటెనాల కాలం చెల్లింది. ఊరి చివర, టైర్ల గోదాము దాటాక ఉన్న రేకుల షెడ్డులో ఉద్యోగముందంటే వెళ్ళాడు. ఇంటర్వ్యూ ఎప్పుడో కనుక్కుని మరీ ముందురోజు వెళ్ళాడు. అక్కడ చొక్కా చేతులు మడిచిన ఒకాయన ఇనుప స్తంభం మీది పెద్ద తెల్లటి గొడుగుతో కుస్తీ పడుతున్నాడు. గొడుగంటే వానకు పట్టుకునేది కాదు, ఆకాశానికేసి తెరిచిపెట్టిన యాంటెనా. ముందుమాట గారు అడక్కుండానే వెళ్ళి ఒక భుజం పట్టాడు. గొడుగు తిరిగింది. చొక్కా మడిచినాయన చెమట తుడుచుకుని, "రేపు ఇంటర్వ్యూ చెయ్యాల్సింది నేనే. ఇక రేపు రానక్కర్లేదు, ఎల్లుండి డ్యూటీలోకి రండి" అన్నాడు. ఆయనే పెద్దసారు. ముందుమాట గారు మర్నాడే డ్యూటీలోకి వెళ్ళాడు.

ఆ గొడుగు పని ఒక ఉపగ్రహంతో మాట్లాడటం. ఉపగ్రహమంటే ఏ విమానమంతో అనుకునేరు. బట్టలు పెట్టుకునే ట్రంకుపెట్టెంత ఉంటుంది, రెండు పక్కలా కిటికీ తలుపుల్లాంటి రెక్కలు. రెక్కల మీద ఎండ పడితేనే దానికి తిండి. రోడ్డు కూడా వెళ్ళని కొండల్లో నదులు ఎంత పొంగుతున్నాయో కొలిచే పరికరాలు పాతి ఉన్నాయి. అవి చెప్పేవన్నీ పైనుంచి వింటూ పోయి, షెడ్డు మీదికి రాగానే ఒప్పజెబుతుంది. ఆ కబురు అందితే దిగువ ఊళ్ళవాళ్ళు నీళ్ళు గుమ్మంలోకి రాకముందే పిల్లలనూ సామాన్లనూ మేడలెక్కిస్తారు. ముందుగా చెప్పడానికి జీతమిచ్చే ఉద్యోగం లోకంలో ఇంకెక్కడుంది? ముందుమాట గారికి ఆ షెడ్డే స్వర్గమైపోయింది.

షెడ్డులో ఉపగ్రహాన్ని ఎవరూ ఉపగ్రహమనరు. పిల్ల అంటారు. "పిల్ల వచ్చిందా?" "వచ్చింది, కబుర్లన్నీ చెప్పి వెళ్ళింది."

సూర్యుణ్ణి కూడా ఎవరూ సూర్యుడనరు. పిల్ల దారి లెక్కగట్టే అమ్మాయి ఒకతె ఈమధ్యే చేరింది, అందరూ లెక్కలమ్మాయంటారు. సూర్యుడికి వేరే పేరు పెట్టింది ఆ అమ్మాయే. వచ్చిన కొత్తలో, తెరమీద సూర్యుడి ఎర్రటి బొమ్మ చూపిస్తూ అంది: "బాబాయ్, ఈయన్ని వద్దనలేం, ఈయన లేకుండా గడవదు. పిల్లకి తిండి పెట్టేదీ ఈయనే, తిప్పలు పెట్టేదీ ఈయనే. ఎప్పుడు వేడెక్కుతాడో తెలీదు, వేడెక్కితే నచ్చజెప్పే దిక్కు లేదు. ఇంతకంటే అల్లుడెవరుంటారు?" ఆరోజునుంచి సూర్యుడు అల్లుడుగారైపోయాడు.

షెడ్డులో ఇంకో పద్ధతి ఉంది. ఎవరేం చెప్పినా, విన్నవాడు విన్నది విన్నట్టు గట్టిగా తిరిగి చెప్పి, ఆఖర్న "విన్నాను" అనాలి. ఒకప్పుడు పెద్దసారు "ఆపు!" అని అరిస్తే, గొడుగు దగ్గరున్నవాడికి "ఊపు!" అని వినబడింది. వాడు నమ్మకంగా ఊపాడు. గొడుగు మరమ్మతయ్యేదాకా పిల్ల ఎన్నిసార్లు పలకరించినా పలికే దిక్కు లేకపోయింది. అప్పటినుంచీ ఈ నియమం. ముందుమాట గారికి అది ఎంత ఒంటబట్టిందంటే, ఇంట్లో భార్య "ఉప్పు పొట్లం తెండి" అన్నా "ఉప్పు పొట్లం తేవాలి, విన్నాను" అనేవాడు. నిద్రలో ఆవిడ కలవరిస్తే దాన్ని కూడా తిరిగి చెప్పేవాడు. ఆవిడ విసిగిపోయి, "మీ షెడ్డు కబుర్లు షెడ్డులో వదిలి రండి, ఆ కీచుపెట్టె గోల నా ఇంట్లోకి తెచ్చారంటే ఊరుకోను" అని హద్దు గీసింది. అందుకే పిల్ల ఎవరో, అల్లుడుగారెవరో ఇంట్లో తెలియదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

ఇంక ఆయన భార్యకు మాటిచ్చి ఇరుక్కున్న సంగతి. వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరాక వియ్యాలవారు భోజనానికి పిలిచారు. ముందుమాట గారు కుటుంబాన్ని హడావిడి పెట్టి తీసుకెళ్ళి తలుపు కొట్టాడు. వియ్యంకుడు ఒంటికి తువ్వాలు, మొహం నిండా సబ్బు నురగతో తలుపు తీశాడు. వియ్యపురాలు ఇంకా నిద్ర లేవలేదు. ముందుమాట గారు ఏమాత్రం మొహమాటపడకుండా "మీరు కానివ్వండి, మాకేం తొందర లేదు" అంటూ లోపలికి నడిచి, వాళ్ళ వంటింట్లో కూరగాయల బుట్ట ముందేసుకుని తరగడం మొదలుపెట్టాడు. వియ్యపురాలు లేచి వచ్చేసరికి తన వంటింట్లో ముక్కూ మొహం సరిగా తెలియని మగమనిషి కత్తి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ కేక గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆరోజు ఇంటికొచ్చాక భార్య ఏడ్చినంత పనిచేసింది. 

"నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు!" 

"ఆలస్యం అమృతం విషం అని కూడా వాళ్ళే అన్నారు" అన్నాడీయన. 

"అయితే ఆ పెద్దల దగ్గరికే పోయి ఉండండి! ఇంక మీరు ఎక్కడికి బయల్దేరాలన్నా నేను సరేనంటేనే. నామీద ఒట్టు!"

మాటిచ్చాడు. మాటిచ్చాక తప్పే మనిషి కాదు. అప్పటినుంచీ డ్యూటీకి వేళకు ముందే బూట్లు వేసుకుని, స్కూటరు తాళం పిడికిట్లో పెట్టుకుని, హాల్లో కుర్చీ అంచున కూర్చునేవాడు. ఆవిడ వంటింట్లోంచి "ఇంక వెళ్ళండి" అనేదాకా కూర్చునేవాడు. కాలుగాలిన పిల్లిని తాడేసి కట్టినట్టుండేది. ఒక్కోసారి పెళ్ళయి వెళ్ళిన కూతురే తల్లికి ఫోను చేసి "పాపం వదిలేయమ్మా" అని సిఫారసు చేసేది. ఆవిడ కరిగేది కాదు.

అలాంటి రోజుల్లో, వానాకాలం గుమ్మంలోకొచ్చి నిలబడ్డ వేళ, అల్లుడుగారు వేడెక్కారు.

ముందుమాట గారికి ముందురోజు సెలవు. ఆరోజు మధ్యాహ్నం డ్యూటీ. బూట్లు వేసుకుని కుర్చీ అంచున కూర్చుని ఉండగా ఫోను మోగింది. అవతల లెక్కలమ్మాయి.

"బాబాయ్, అల్లుడుగారు రెచ్చిపోయారు."

"అల్లుడుగారు రెచ్చిపోయారు" అన్నాడు ముందుమాట గారు, పద్ధతి ప్రకారం గట్టిగా.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"పిల్ల జారిపోతోంది బాబాయ్. నిన్న సాయంత్రం నించి కబురు లేదు."

"పిల్ల జారిపోతోంది, నిన్న సాయంత్రం నించి కబురు లేదు."

గరిటె కిందపడింది.

"ఇంకొంచెం జారిందా, ఇక మనకి దక్కదు."

"ఇంకొంచెం జారితే ఇక మనకి దక్కదు."

"ఈపూట ముందే వచ్చేస్తుంది. ఎంత ముందో చెప్పలేను. ఇక్కడ గొడుగు మొరాయించింది. మీరు రావాలి."

"ముందే వచ్చేస్తుంది, ఎంత ముందో తెలీదు, గొడుగు మొరాయించింది, నేను రావాలి. విన్నాను."

ఫోను పెట్టి తల తిప్పేసరికి గుమ్మంలో భార్య, చేతికి పిండి, కళ్ళలో నీళ్ళు. గొడుగు మొరాయించడమేమిటో ఆవిడకు అర్థం కాలేదు. కానీ అల్లుడు రెచ్చిపోయి, పిల్ల జారిపోతూ, పుట్టింటికి ముందే వచ్చేస్తుందని తెలిశాక గొడుగు గురించి ఆలోచించే తల్లి ఎక్కడుంటుంది?

"ఇంకా కూర్చున్నారేంటండీ! మనిషేనా మీరు!"

"నువ్వు వెళ్ళమనలేదుగా. మాటిచ్చాను."

"మాటా లేదు మూటా లేదు, లేవండి! వెళ్ళమంటున్నా, పరిగెత్తమంటున్నా! నేనూ వస్తున్నా!"

ముందుమాట గారి గుండె పొంగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో పిల్ల కోసం ఈవిడ కన్నీళ్ళు పెట్టుకుంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. "నువ్వు కూడానా!" అన్నాడు పొంగిపోతూ.

"నేను రాకపోతే ఎవరొస్తారు? కన్నదాన్ని!"

కన్నది అనడం కాస్త ఎక్కువే అనిపించింది గానీ, ఆవేశంలో ఉందిలే అనుకున్నాడు. ఆయన స్కూటరు తీసేలోగా ఆవిడ కూతురికి ఫోను చేసింది. ఎత్తలేదు. "భయపడకే తల్లీ, మీ నాన్నా నేనూ వస్తున్నాం, ఏం జరిగినా సరే నీకు మేమున్నాం" అని ఏడుస్తూ ఫోనులో మెసేజి పెట్టి, స్కూటరు వెనక కూలబడింది.

నాలుగురోడ్ల దగ్గర ఆవిడ "ఎడమకి!" అంది. ఆయన కుడికి తిప్పాడు.

"ఏవండీ! ఎటు పోతున్నారు? అమ్మాయిల్లు అటు!"

"ఇప్పుడు అమ్మాయింటికి దేనికి?"

"దేనికా? అల్లుడు రెచ్చిపోయాడని మీరేగా అన్నారు!"

ముందుమాట గారు స్కూటరు నెమ్మది చేశాడు. తాను అన్నవన్నీ మనసులో ఒకసారి వల్లెవేసుకున్నాడు. అల్లుడు రెచ్చిపోయాడు. పిల్ల జారిపోతోంది. మనకి దక్కదు.

"అది మన అల్లుడు కాదోయ్, సూర్యుడు. పిల్లంటే మనమ్మాయి కాదు, శాటిలైటు."

వెనకనుంచి వీపుమీద పిండిచెయ్యి పడింది, చొక్కామీద వేళ్ళతో సహా అచ్చు దిగేలా. తరవాత ఇంకోటి.

"సూర్యుణ్ణి పట్టుకుని అల్లుడంటారా! నా గుండె ఆగిపోయింది తెలుసా? దీపం పెట్టి వెతికినా కోపం కనబడని పిల్లాడు, తన కళ్ళజోళ్ళ కొట్లో బేరం కుదరకపోతే తనే సారీ చెప్పే పిల్లాడు, వాడేంటి రెచ్చిపోవడమేంటని..." అంటూనే ఆవిడ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "అయితే వెనక్కి తిప్పండి, నన్ను దింపేసి వెళ్ళండి" అంది.

"ఇప్పుడు వెనక్కి తిప్పితే పిల్ల పోతుందే" అన్నాడాయన. ఆవిడ సీటు గట్టిగా పట్టుకుంది. 

కొంతదూరం పోయాక ఆవిడే అడిగింది. "సూర్యుడు వేడెక్కితే మీ శాటిలైటు ఎందుకు జారాలి? కాలిపోతుందా?"

"కాలదు. పాలు కాగితే ఏమవుతుంది?"

"పొంగుతాయి."

"గాలీ అంతే. చాలా ఎత్తున పల్చటి గాలి ఉంటుంది, ఉందా లేదా అన్నంత పల్చన. సూర్యుడు రెచ్చిపోయినప్పుడు మన కంటికి కనబడని ఎండ ఒకటి కుమ్మరిస్తాడు. దానికి ఆ పైగాలి కాగి పొంగుతుంది. కిందున్న చిక్కటిది పైకి ఎగదన్నుతుంది. నిన్నటిదాకా పిల్ల ఖాళీ రోడ్డు మీద పోతోందా, ఇవాళ సంతలో పడ్డట్టే. అటూ ఇటూ తోపులాట. రెక్కలకి గాలి అడ్డం తగిలి లాగేస్తుంది. దాంతో కిందికి జారుతుంది. కిందికొస్తే గాలి ఇంకా చిక్కన, ఇంకా జారుతుంది."

"మరి గాలి అడ్డం పడితే ఆలస్యంగా రావాలి గానీ, ముందే వస్తుందంటారేంటి? నాకేం తెలీదనా?"

"అక్కడే ఉంది తిరకాసు. బ్రేకు వేస్తే వేగం పెరిగే బండి అదొక్కటే. జారితే అది తిరిగే చుట్టు చిన్నదవుతుంది, కొండ దిగే సైకిల్లా వేగమూ పెరుగుతుంది. చుట్టు చిన్నది, వేగం ఎక్కువ. ఇక ముందే రాక ఏం చేస్తుంది?"

ఆవిడకు వెలిగింది. "అంటే అచ్చం మీలాగే. ఎంత పట్టుకుని వెనక్కి లాగినా ముందే వచ్చి చస్తుంది."

ఆయనకు అంతకుముందు ఎవరూ చెప్పని గొప్పమాటలా వినబడింది అది. స్కూటరు ఇంకొంచెం వేగం పెంచాడు. ఇంతలో కూతురి ఫోను. "అమ్మా, ఏం మెసేజి అది! ఎందుకా ఏడుపు, నాన్నకేమైంది? మేమిద్దరం బయల్దేరాం!" "ఏం కాలేదే. ఇంటికి రాకండి, షెడ్డుకి రండి" అని మాత్రం అంది.

షెడ్డులో పెద్దసారు తాళంచెవులు వేళ్ళకు తగిలించుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. పిల్ల పోతే ఆ షెడ్డుకు తాళమే. కొత్త పిల్ల పైకి వెళ్ళడానికి ఇంకా బోలెడు కాలం పడుతుంది. ఈలోగా కొండల్లో కురిసే వానకు కబురు చెప్పే నోరుండదు. ఆయన ముందుమాట గారి భార్యను చూసి ఆశ్చర్యపోయాడు గానీ, వీపుమీద ఉన్న పిండి అచ్చు చూసి ఏమీ అడగలేదు.

"చూడండి బాబాయ్" అంది లెక్కలమ్మాయి, తెర ముందునుంచి కదలకుండా. "అల్లుడుగారు చల్లగా ఉన్నప్పటి లెక్క నాది. పొద్దున ఆ లెక్క ప్రకారం గొడుగు తిప్పాను, అప్పటికే దాటిపోయినట్టుంది. ఇప్పుడు అది పైకొచ్చే ఆకాశం అంచు దగ్గరే గొడుగుని ముందునించీ కాపలా పెట్టాలి. కిందికి దించబోతే మోటారు మధ్యలో ఆగిపోయింది. ఈ చుట్టులో గనక దొరక్కపోతే..."

"దొరికితే ఏం చెప్పాలి?"

"పక్కకి తిరగమని. ఇప్పుడు రెక్కలు గాలికి ఎదురుగా ఉన్నాయి, తలుపులు బార్లా తీసినట్టు. అంచు గాలివైపు పెడితే సన్నగా దూసుకుపోతుంది. ఎండ తక్కువ పడుతుంది, తిండి తగ్గుతుంది, కానీ పూట గడుస్తుంది."

"బస్సులో జనం మధ్యనించి దిగేటప్పుడు పక్కకి తిరిగినట్టు" అంది ముందుమాట గారి భార్య.

"అంతే పిన్నీ, అంతే!"

ముందుమాట గారు మోటారు పట్టు వదిలేలా దాని చిలక ఊడదీసి, గొడుగు స్తంభానికి ఇనప హ్యాండిలు తగిలించాడు. చేత్తో తిప్పితే గొడుగు కదలడమంటే కొండను దువ్వినట్టే. బండెడు చెమట కారిస్తే బెత్తెడు దిగుతుంది. అప్పుడప్పుడు అది ఇంకో బెత్తెడు వెనక్కి కూడా పోతుంది, అది దాని స్వభావం. ఆయన తిప్పాడు. పెద్దసారు తాళంచెవులు జేబులో వేసుకుని చొక్కా చేతులు మడిచి, ఆ మొదటిరోజులాగే, ఇంకో పక్క భుజం పట్టాడు. భార్య గొడుగు కింద నిలబడి పైకి చూస్తూ "వచ్చింది, వచ్చింది... ఆగింది!" అని కేకలేసింది.

తిప్పుతూ ఉంటే ముందుమాట గారికి ఒక ఆలోచన పొడిచింది. ఈ పిల్ల పోతే తాను ముందుగా వెళ్ళి నిలబడటానికి ఇంక చోటేది? బంధువులు నవ్వుతారు, వియ్యాలవారు కేకలు పెడతారు, రైళ్ళు కూడా ఈమధ్య సరిగ్గానే వస్తున్నాయి. ముందే వచ్చినవాణ్ణి "వచ్చావా, బాగుంది" అన్న చోటు ఈ లోకంలో ఇదొక్కటే. చేతులు బొబ్బలెక్కాయి. ఆయన హ్యాండిలు వదల్లేదు.

గొడుగు అంచు దిగి దూరాన చెట్లవరసను తాకినట్టు నిలిచింది. "అంచు దగ్గర గొడుగు! దించాం!" అని ముందుమాట గారు అరిచాడు. "అంచు దగ్గర గొడుగు, విన్నాను!" అంది లెక్కలమ్మాయి లోపల్నుంచి.

ఇక ఎదురుచూపులు. లెక్కలమ్మాయి చెప్పిన వేళకు ఇంకా చాలా ఉంది. పెద్దసారు "ఇంకా టైముందిగా, టీ తాగుదాం" అన్నాడు. గ్లాసులు తెచ్చాడు. ముందుమాట గారు కూర్చోలేదు. స్పీకరు దగ్గర చెవిపెట్టి వంగి నిలబడ్డాడు. స్పీకరులో ఇసక రాలుతున్నట్టు ఒకటే చప్పుడు. 

"ఏవండీ, వేళ కాలేదంటున్నారుగా, కూర్చోండి" అంది భార్య. 

ఆయన వేలెత్తి ఆగమన్నాడు.

లెక్కలమ్మాయి టీ గ్లాసు పెదవి దగ్గరికి తీసుకుంది. ఇంకా గుటక వెయ్యలేదు.

కిచ్.

ఇసకలో ఒక గింజ మెరిసినట్టు. తరవాత మళ్ళీ, కిచ్‌కిచ్. తెరమీద పచ్చగీత ఒకటి లేచి నిలబడింది.

"వచ్చింది!" అని ముందుమాట గారు అరిచిన అరుపుకు టైర్ల గోదాములోంచి మనుషులు బయటికొచ్చారు. ఆ అరుపు రేడియో అక్కర్లేకుండా నేరుగా పిల్లకే వినబడిందని పెద్దసారు ఇప్పటికీ ప్రమాణం చేస్తాడు.

"నేననుకున్నదానికంటే కూడా ముందు!" లెక్కలమ్మాయి గ్లాసు పక్కకు నెట్టేసింది, టీ బల్లంతా పారింది. "బాబాయ్, పట్టుకోండి, వదలకండి, నేను చెప్పినట్టు తిప్పుతూ ఉండండి. పైకి!" 

"పైకి, విన్నాను!" 

"ఇంకా పైకి! కొంచెం కుడికి!" 

"కుడికి, విన్నాను!" 

మేడమీద యాంటెనా తిప్పిన చేతులే అవి. కొండను దువ్విన హ్యాండిలు ఇప్పుడు వెన్నలా కదిలింది. గొడుగు పిల్లవెంట పడి పైకి లేచింది. లెక్కలమ్మాయి మాట పంపింది: పక్కకు తిరుగు.

పిల్లకు కూడా షెడ్డు పద్ధతే. ఏం చెప్పినా దాన్ని తిరిగి చెప్పి మరీ చేస్తుంది. అది తిరిగి చెప్పేదాకా నమ్మడానికి లేదు.

స్పీకరులో ఇసక. ఇసక. ఆపైన కిచకిచమని గబగబా ఒక వరస.

లెక్కలమ్మాయి తెరమీద అక్షరాలు చదివింది. "పక్కకు తిరుగు... విన్నాను." ఆఖరు మాట తెరమీద లేదు, తనే కలిపింది. తరవాత రెండుచేతుల్లో మొహం దాచుకుంది. "తిరుగుతోంది బాబాయ్. రెక్కలు తిరుగుతున్నాయి. నదుల లెక్కలు కూడా దింపుతోంది, అన్నీ దాచిపెట్టుకుంది పిచ్చిది, ఒక్కటీ పారేసుకోలేదు!"

ముందుమాట గారు పిల్ల అటువైపు అంచు దిగిపోయేదాకా హ్యాండిలు వదల్లేదు. అప్పుడు గొడుగు స్తంభానికి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. భార్య వచ్చి ఆయన అరచేతులు తిప్పి చూసింది. బొబ్బలు చిట్లి ఉన్నాయి. ఏమీ అనకుండా కొంగుతో తుడిచింది. "నోరు తెరిచి ఏదో ఒకటి అను" అన్నాడాయన. 

"ఏమనను? విన్నాను" అందావిడ. 

అంతే, ఇద్దరికీ నవ్వాగలేదు.

నవ్వుతూ ఉండగానే గేటు దగ్గర ఆటో ఆగింది. కూతురు పరుగున వచ్చింది, వెనక అల్లుడు దిగాడు. అల్లుడి కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతోంది.

"నాన్నా! ఏమైంది నీకు?" 

"నాకేం కాలేదమ్మా. పిల్లకి కాస్త..." అనబోయి ఆయన భార్యవైపు చూసి ఆగిపోయాడు.

సరిగ్గా అప్పుడే లెక్కలమ్మాయి, చేతిలో ఏదో కాగితంతో, మొహం వెలిగిపోతూ బయటికొచ్చింది. "బాబాయ్! శుభవార్త! అల్లుడుగారు చల్లబడుతున్నారట!"

అల్లుడు ఆటోవాడికి డబ్బులిస్తున్నవాడల్లా వెనక్కి తిరిగాడు. కళ్ళజోడు సరిచేసుకున్నాడు. అందరూ తనవైపే చూస్తున్నారు. "నేనా?" అన్నాడు, మొహం పాలిపోయి. "నేనెప్పుడు వేడెక్కానండీ? అత్తయ్యగారూ, నావల్ల ఏమైనా పొరపాటు జరిగితే క్షమించండి."

"చూశావా" అన్నాడు ముందుమాట గారు భార్యతో, "తప్పు చెయ్యకుండానే ముందే క్షమాపణ చెప్పేశాడు. నా అల్లుడేనా కాదా?"

ఆవిడ అల్లుడి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, పొద్దుట్నుంచీ జరిగింది మొదటినుంచీ చెప్పుకొచ్చింది. మధ్యమధ్య లెక్కలమ్మాయి సరిదిద్దింది. పాలు పొంగడం దగ్గర ఆవిడే బాగా చెప్పిందని లెక్కలమ్మాయి కూడా ఒప్పుకుంది. అల్లుడు అన్నీ శ్రద్ధగా విని, ఆఖర్న అనుమానంగా అడిగాడు: "అయితే ఇకమీదట నేను కోపం తెచ్చుకోవచ్చా, కూడదా?"

ఆ తరవాతి చుట్టులో పిల్ల, లెక్కలమ్మాయి కొత్తగా కట్టిన లెక్కకు తగ్గట్టే, చెప్పిన వేళకే వచ్చింది. జారడం నెమ్మదించింది. పెద్దసారు తాళంచెవులు మేకుకు తగిలించాడు. కొద్దిరోజుల్లో వానలొచ్చాయి. కొండల్లో నది లేచిన సంగతి ఆ ట్రంకుపెట్టె ఎంత ముందు చెప్పిందంటే, దిగువ ఊళ్ళో ఒకాయన సామాన్లన్నీ మేడెక్కించి, వరద ఇంకా రాలేదేమిటని విసుక్కున్నాడట.

ఇంట్లో ఒట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. మర్నాడు మధ్యాహ్నం ముందుమాట గారు అలవాటు ప్రకారం బూట్లు వేసుకుని, కుర్చీ అంచున కూర్చుని, వంటింటివైపు చెవి పెట్టాడు. వంటింట్లో గరిటె చప్పుడు లేదు. కాసేపు చూసి తల తిప్పాడు. వాకిట్లో స్కూటరు పక్కన, చేతిలో టిఫిను డబ్బాతో ఆవిడ నిలబడి ఉంది.

"ఇంకా కూర్చున్నారేంటండీ?" అంది. "పిల్ల వచ్చే వేళయితేనూ."

వేళకు ఇంకా చాలా ఉంది. ఆ మాట ఆయన అనలేదు.